సంచి ఎవరు మోస్తారు

నీటి సరఫరా ఆఫీసులో మెట్లెక్కగానే ఎడమచేతివైపు కంప్యూటర్ సెక్షన్. అందులో కిటికీ పక్క కుర్చీ ఆయనది. అందరూ ఆయన్ని సంచిగారు అంటారు. కొత్తగా చేరినవాళ్లు అది ఇంటిపేరు అనుకుని కొన్నాళ్లు గౌరవంగా పిలుస్తారు; అసలు సంగతి తెలిశాక నవ్వు ఆపుకుంటూ పిలుస్తారు. ఆయనకి రెండూ ఒకటే.

ఇంటింటి మీటరు రీడింగులు తీసుకుని నీళ్ల బిల్లులు తయారుచేయడం ఆయన ఉద్యోగం. అయితే ఆయన పేరును మింగేసింది ఆ ఉద్యోగం కాదు, సంచి అనే ఈమెయిల్ ప్రోగ్రాం. కాలేజీలో ఉండగా ఒక స్నేహితుడితో కలిసి దాన్ని మొదలుపెట్టాడు. పోస్టుమాన్ భుజానికి వేలాడే సంచి గుర్తొచ్చి ఆ పేరు పెట్టారు. దాన్ని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. లోపల ఏం రాసి ఉందో ఎవరైనా విప్పి చూడొచ్చు, చేతనైతే బాగుచేయొచ్చు. ఉత్తరాలు వాడేవాళ్ల కంప్యూటర్లోనే ఉంటాయి. ఎవరూ తొంగిచూడరు, ఎవరూ మధ్యలో వచ్చి సబ్బులు అమ్మరు.

మొదట్లో చేయి వేసేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. ఒకరికి పెళ్లయింది, ఒకరికి పిల్లలు పుట్టారు, ఇంకొకరికి నడుం నొప్పి వచ్చింది. స్నేహితుడు పెద్ద కంపెనీలో చేరాడు. ఎవరూ పోట్లాడి వెళ్లలేదు, ఎవరూ చెప్పీ వెళ్లలేదు. పెళ్లి భోజనాలయ్యాక పందిట్లో మనుషులు పలచబడినట్టు పలచబడి, చివరికి కుర్చీలు మడతపెట్టడానికి ఆయనొక్కడే మిగిలాడు.

ఆయనకి పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగితే, "కుదరలేదండీ" అని ఊరుకునేవాడు. నిజంగానే అంతకంటే పెద్ద కథేమీ లేదు. ఆఫీసుకు దగ్గర్లో ఒక గది, ఒక వంటిల్లు, బట్టలారేసుకునే చిన్న వసారా. ఆఫీసు నుంచి వచ్చి మొహం కడుక్కుని, కుక్కరు పెట్టి, అది కూతలు వేసేలోపు సంచికి వచ్చిన ఫిర్యాదులు చదివేవాడు. సంచిని ఎంతమంది వాడుతున్నారో ఆయనకే తెలియదు. లెక్కపెట్టే ఏర్పాటు చేస్తే అదీ తొంగిచూడటమే అవుతుందని చేయలేదు. కాబట్టి ఆయనకి తెలిసిన మనుషులంతా ఏదో ఒకటి చెడిపోయినవాళ్లే. బాగున్నవాళ్లు ఎవరూ ఉత్తరం రాయరు కదా.

ఆ ఫిర్యాదుల్లో అన్నిటికంటే పదునైనవి పిచ్చుక అనే మారుపేరుతో వచ్చేవి. ఏళ్ల తరబడి వస్తున్నాయి. "వెతుకులాట నత్తలా నడుస్తోంది. పాత వెర్షనే నయం." "ఈ బొత్తం ఇక్కడ ఎందుకు పెట్టారో మీకైనా తెలుసా?" ఇలా ఉండేవి. పిచ్చుక ఉత్తరాన్ని ఆయన చివరికి ఉంచుకుని చదివేవాడు. కానీ పిచ్చుక తప్పు పట్టిందంటే అక్కడ తప్పు ఉండి తీరేది.

ఒకరోజు ఆఫీసులో పనిచేస్తుండగా కుడికన్ను అడుగున నల్లటి తెర లేచినట్టు అనిపించింది. కళ్లజోడు తుడుచుకున్నాడు. తెర పోలేదు. బిల్లులు వెళ్లాల్సిన రోజు కావడంతో సాయంత్రం దాకా తల వంకరగా పెట్టి పని ముగించాడు. మర్నాటికి సగం చూపు పోయింది. క్యాషియరు స్కూటరు ఎక్కించుకుని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

"కంటి వెనక పొర ఊడొచ్చిందండీ" అంది డాక్టరమ్మ. "వెంటనే ఆపరేషన్ చేయాలి. లోపల గాలి బుడగ పెడతాం. అది పొరను ఆనించి పట్టుకోవాలంటే మీరు బోర్లా పడుకోవాలి. తిండికి, స్నానానికి తప్ప లేవకూడదు. కొన్ని వారాలు పట్టొచ్చు. ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ."

"ఎవరినైనా పిలిపించుకోండి. రెండో కన్నయినా బాగుంటే వేరే సంగతి."

ఎడమకన్ను చిన్నప్పటినుంచీ అంతంతమాత్రమే. మనిషి వస్తున్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. ఆయన కాసేపు ఆలోచించి, పిలవడానికి ఉన్న ఒక్క మనిషికి ఫోను చేశాడు.

అక్క వేరే ఊళ్లో బట్టలు కుట్టే షాపు నడుపుతుంది. భర్త పోయాక షాపు వెనక గదిలోనే ఉంటోంది. అక్కాతమ్ముళ్ల మధ్య గొడవలేమీ లేవు. అలాగని రాకపోకలూ లేవు. బావ పోయినప్పుడు వెళ్లిన తమ్ముడు అన్నీ ముగియకముందే, సంచిలో ఏదో చెడిందని వెనక్కి వచ్చేశాడు. దాని గురించి ఆవిడ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు మాత్రం ఆవిడ ఇంకేం అడగలేదు. "ఏ బస్సెక్కితే తొందరగా వస్తానురా?" అంది.

ఆపరేషన్ అయి ఇంటికి రాగానే ఆవిడ మంచం చివర రెండు దిండ్లు ఎడంగా పేర్చి, వాటి మధ్య తమ్ముడి మొహం నేలవైపు వేలాడేలా సర్దింది. ఇక ఆయన లోకం అంతా గచ్చు మీది నాలుగు పలకలు. వాటి మీదుగా అటూ ఇటూ నడిచే అక్క పాదాలు. ఎడమకంటితో చూసినా ఆ పాదాలు ఆయనకి బాగానే తెలిసేవి. మడమలు పగిలిపోయి ఉన్నాయి. మిషను తొక్కీ తొక్కీ కుడికాలి బొటనవేలు పక్కకి తిరిగింది. అక్క ఇంత పెద్దదయిందని ఆ పాదాలు చూశాకే ఆయనకి తెలిసింది.

"ఏం చూస్తున్నావురా అంతసేపు?"

"నేల."

"నేలేగా. తుడిచానులే, చూసుకో."

బోర్లా పడుకున్న మనిషికి చేయడానికి ఏమీ ఉండదు. అక్క సాయంత్రాలు సంచి తెరిచి ఫిర్యాదులు పైకి చదివి వినిపించేది. చదువుతూ చదువుతూ మధ్యలో వ్యాఖ్యానం కూడా చెప్పేది. "వీడెవడో గొంతు చించుకుంటున్నాడు చిన్నా. జవాబివ్వకు." "ఈవిడ పాపం మర్యాదగా అడిగింది. దీనికి రాద్దాం."

"పిచ్చుక ఏమైనా రాసిందా అక్కా?"

"రాసింది అంటావు. ఆడమనిషా?"

"తెలీదు."

"ఏళ్లుగా రాసుకుంటున్నారు, ఆడో మగో తెలీదా?"

"పిచ్చుక కదా. రాసింది అనే అనాలి."

అక్క పకపకా నవ్వింది. ఆయన నవ్వబోతే కన్ను లాగింది. డాక్టరమ్మ నవ్వొద్దని చెప్పలేదు కానీ, చెప్పే అవసరం వస్తుందని ఆవిడా అనుకుని ఉండదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం వేరే రకం ఉత్తరం వచ్చింది. ప్రోగ్రాముల్లో కన్నాలు వెతకడమే పనిగా పెట్టుకున్న ఒకాయన రాశాడు. అటాచ్‌మెంట్ పేరు మరీ పొడుగ్గా ఉండేలా ఎవరైనా ఒక ఉత్తరం తయారుచేసి పంపితే, దాన్ని తెరిచినవాళ్ల కంప్యూటర్లోకి పంపినవాడు చొరబడొచ్చు. "కొన్ని రోజులు ఆగుతాను. తర్వాత అందరికీ చెప్పక తప్పదు. ఈలోపు సరిచేయండి" అని ముగించాడు.

అక్క చదవడం ఆపి, "ఇది పెద్ద సంగతేనా?" అంది.

"పెద్దదే."

"ఎవరు చేస్తారు మరి?"

అక్క పాదాలు కాసేపు కదలకుండా నిలబడ్డాయి. తర్వాత ఆవిడ లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆయన ఎదురుగా నేలమీద చతికిలబడింది.

"చెప్పు. నేను కొడతాను."

"నీకేం అర్థం కాదక్కా."

"నాకు అర్థం కావడం దేనికి? నీకు అర్థమైతే చాలదా? కొలతలు నువ్వు చెప్పు, కత్తెర నేను పడతాను."

ఆ మధ్యాహ్నమంతా అదే పని. ఆ రాత ఆయనకి కంఠతా వచ్చు. ఏ ఫైలు తెరవాలో, ఏ మాట వెతకాలో చెప్పాడు. ఆవిడ ఒక్కో అక్షరం పైకి పలుకుతూ చూపుడు వేలితో కొట్టింది.

"చివర చుక్క, దాని కింద కామా."

"ప్రతి వరుసకీ ఇదేంటిరా? ముడి వేసినట్టా?"

"అలాగే అనుకో. ఇప్పుడు పేరు పొడుగు మించిందో లేదో చూసే గుర్తు పెట్టాలి. కాకి నోరు తెరిచినట్టు ఉంటుంది."

"రెండున్నాయి. నోరు ఎటు ఉండాలి?"

"ఇటు" అని ఆయన మంచం మీదనుంచి చేయి చాపి చూపించాడు. ఆయన కుడివైపు, ఎదురుగా కూర్చున్న ఆవిడకి ఎడమవైపు. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. అక్క ఒక ఉత్తరం తెరిచి చూసింది. తెరుచుకుంది. అందులో అటాచ్‌మెంట్ లేదు. అది కూడా తట్టలేదు. మామూలుగా అయితే ఆయన రకరకాల ఉత్తరాలు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి గానీ వదిలేవాడు కాదు. ఆ రోజు మెడ పట్టేసి, కన్ను పోటెత్తి, ఇక చాలనిపించింది. కొత్త వెర్షన్ అందరికీ వెళ్లిపోయింది. అక్క చేతులు దులుపుకుని, "ఇంతేనా? నడుం పట్టీ కుట్టడమే కష్టం" అంది.

మర్నాడు పొద్దున్నే పిచ్చుక ఉత్తరం వచ్చింది. అక్క మామూలుగా మొదలుపెట్టి, రాను రాను గొంతు తగ్గించి చదివింది. "మీ గుర్తు తిరగబడింది. మంచి అటాచ్‌మెంట్లు ఒక్కటీ తెరుచుకోవడం లేదు. చెడ్డవి మాత్రం శుభ్రంగా తెరుచుకుంటాయి. కన్నం పూడ్చమంటే గుమ్మం కట్టారు. నిద్రలో రాశారా? సరిచేసింది దీనితో పంపుతున్నాను. పరీక్షించాను కూడా."

అక్క లాప్‌టాప్ మీదనుంచి చేతులు తీసేసింది.

"నేను తప్పు కొట్టానా?" అంది అక్క.

"నేను తప్పు చూపించాను. నాకు కుడి అంటే నీకు ఎడమ."

పిచ్చుక పంపినదాన్ని అలాగే పెట్టి, ముందు దాన్ని అందరికీ పంపించారు. అది అయ్యాక ఆయన జవాబు చెప్పాడు, అక్క కొట్టింది. ధన్యవాదాలు అని ఒక్క ముక్కతో ఆపబోయి, ఎందుకో ఆపలేకపోయాడు. "కంటి ఆపరేషన్ అయింది. బోర్లా పడుకుని ఉన్నాను. మా అక్క టైపు చేసింది. ఆవిడ తప్పేం లేదు." ఇన్నేళ్లలో ఆయన తన గురించి అక్కడ రాసిన మొదటి సంగతి అదే.

జవాబు సాయంత్రానికి వచ్చింది. "మీ అక్కగారికి నమస్కారాలు. ఆవిడ టైపింగ్ బాగానే ఉంది. మీకు ఇంకెవరూ లేరా?"

సంచి సంగతే అడిగిందో, ఇంటి సంగతి అడిగిందో. అక్క ఆ ప్రశ్న రెండోసారి చదవలేదు. వంటింట్లోకి వెళ్లి ఏదో సర్దుతున్నట్టు గిన్నెలు చప్పుడు చేసింది. ఆయన ఆ ప్రశ్నకి జవాబు రాయలేదు.

కొన్నాళ్లు పోయాక ఒక ఉదయం, "అక్కా, అందరికీ ఒక మాట రాయాలి" అన్నాడు. ఎక్కువ లేదు. సంచిని ఇన్నాళ్లుగా ఒక్కణ్నే చూస్తున్నాను, ఇక నా వల్ల కాదు. చేతనైనవాళ్లు ఎవరైనా వస్తే అప్పగిస్తాను. రాకపోతే ఏడాది చివర ఆపేస్తాను. మీ ఉత్తరాలు వేరే చోటికి తీసుకెళ్లే దారి చేసిపెడతాను.

"ఇంతేనా? కన్ను సంగతి రాయవా?"

"అది వాళ్లకెందుకు?"

"జాలిపడతారనా?"

"జాలిపడి వచ్చినవాళ్లు నిలవరక్కా."

ఆ కబురు వెళ్లాక ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. బాగున్నవాళ్లంతా అప్పుడు రాశారు. ఇంతమంది ఉన్నారని ఆయన కలలో కూడా అనుకోలేదు. అక్క గొంతు బొంగురుపోయేదాకా చదివింది. రిటైరైన స్టేషన్ మాస్టరు ఒకాయన రాశాడు: "మా ఆవిడ నాకు రాసిన ఉత్తరాలన్నీ సంచిలోనే ఉన్నాయి. ఆవిడ లేదు. ఇది ఆగిపోతే అవి ఏమవుతాయి?" దానికి ఆయన వెంటనే జవాబు చెప్పించాడు. ఏమీ కావు, అవి మీ కంప్యూటర్లోనే ఉంటాయి, ఎలా చదువుకోవాలో నేను చెప్తాను అని. ఇంకొకడు, వాడుకోమని చెప్పి నట్టేట ముంచుతారా అని నిలదీశాడు. దానికి అక్క తనే జవాబు మొదలుపెట్టేసింది; ఆయన బతిమాలి చెరిపించాడు. ఒక కంపెనీ వాళ్లు మొత్తం మేం తీసుకుంటామని రాశారు.

"ఉత్తరాలు వాళ్ల దగ్గర పెట్టుకుంటారటా?" అన్నాడాయన.

"ఆ. వాడేవారి సౌకర్యం కోసం అట."

"వద్దని రాయి."

"ఒక రోజు ఆలోచించుకోరా."

"వద్దక్కా."

కాలేజీ స్నేహితుడూ రాశాడు. చాలా బాధగా ఉందట. నువ్వు చేయాల్సినదానికంటే ఎక్కువే చేశావు, ఇక వదిలెయ్ అన్నాడు. తను చేస్తానని అనలేదు. బాధపడ్డవాళ్లు బోలెడుమంది, చేయి వేస్తానన్నవాడు ఒక్కడూ లేడు.

పిచ్చుక చాలా ఆలస్యంగా రాసింది. ఆ ఉత్తరం చదవడం మొదలుపెట్టి అక్క ఆగిపోయింది.

"చదువు."

"బాగాలేదురా."

"పరవాలేదు, చదువు."

"సంచి లోపల ఏముందో మీ తర్వాత నాకే తెలుసు. అందరూ నన్ను అడుగుతారని కూడా తెలుసు. నేను తీసుకోను. మీలా అయిపోవడం నాకు ఇష్టం లేదు."

ఆయన "న్యాయమే" అన్నాడు. కోపం రాలేదు. ఆశ్చర్యం కూడా వేయలేదు. ఎవరో తలుపు తీసి గదిలో లైటు వేసినట్టయింది, అంతే. గదిలో ఏమున్నాయో ఆయనకి ముందే తెలుసు.

గాలి బుడగ కరిగింది. డాక్టరమ్మ లేచి కూర్చోవచ్చంది. చూపు వచ్చింది కానీ మునుపటిలా రాలేదు. నిటారుగా ఉన్న తలుపు చట్రం మధ్యలో కొంచెం వంగినట్టు కనిపిస్తుంది. అక్షరాలు నీళ్లలో ఉన్నట్టు కదులుతాయి. "ఇంతకంటే రాకపోవచ్చండీ. కంప్యూటర్ పని తగ్గించుకోండి" అంది.

అక్క షాపు మూసి వచ్చి చాలా రోజులైంది. కుట్టించుకోవాల్సినవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. వెళ్లే రోజు బస్టాండులో, బస్సు ఇంకా కదలకముందు, కిటికీలోంచి అంది: "నాతో వచ్చెయ్యకూడదూ? ఆ నీళ్ల లెక్కలు అక్కడా ఉంటాయి."

"చూద్దాంలే అక్కా."

"చూద్దామంటే రావు. నాకు తెలుసు." ఆవిడ వేరే వైపు చూస్తూ అంది. "మీ బావ పోయినప్పుడు నువ్వు అలా వెళ్లిపోతే, వీడికి మేమంటే లెక్కలేదనుకున్నాన్రా. ఇన్ని రోజులు ఆ ఉత్తరాలు చదివాక కూడా నాకు పూర్తిగా అర్థం కాలేదు. కానీ లెక్కలేక కాదని మాత్రం తెలిసింది."

ఆయన ఏదో అనబోయాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సు మలుపు తిరిగాక కూడా ఆయన అక్కడే నిలబడ్డాడు. వంగిన గీతల్లాంటి కరెంటు స్తంభాలు చూస్తూ, నిదానంగా ఇంటికి నడిచాడు. ఇంట్లో అక్క సర్దిన రెండు దిండ్లు మంచం చివర ఇంకా ఎడంగానే ఉన్నాయి.

పిచ్చుక మళ్లీ రాసింది. ఈసారి కోపం లేదు, షరతులున్నాయి. "ఒక్కరే అయితే చేయను. నాతోపాటు ఇంకో ఇద్దరు దొరికితే ఒక ఏడాది చూస్తాను. ఆ తర్వాత మాట ఇవ్వలేను. ఇద్దర్ని నేనే వెతుక్కుంటాను. ఇంకొకటి. మీరు దూరంగా ఉండాలి. మీరు కనిపిస్తూ ఉంటే అందరూ మిమ్మల్నే అడుగుతారు, మీరు కాదనలేరు. అప్పుడు మళ్లీ మొదటికే వస్తాం."

ఎక్కడ వెతికిందో ఏమో, ఇద్దరు దొరికారు. ఒక ఆదివారం ఉదయం ఆయన సంచి తాళాలన్నీ పిచ్చుకకి అప్పగించాడు. తాళాలంటే మరేం కాదు, కొత్త వెర్షన్ పంపేటప్పుడు ఇది సంచి వాళ్లదేనని ముద్ర వేసే రహస్య సంకేతం, ఇంకొన్ని పాస్‌వర్డులు. పంపాక ఏదో పెద్దది జరుగుతుందనుకున్నాడు. ఏమీ జరగలేదు. "అందాయి" అని జవాబు వచ్చింది. కాసేపటికి ఇంకొకటి వచ్చింది. "కన్ను జాగ్రత్త." ఆడో మగో అడగాలని ఆయనకి ఆ క్షణాన చాలా అనిపించింది. అడగలేదు.

మర్నాటి నుంచి ఫిర్యాదులు రావడం మానేశాయి. అవన్నీ ఇప్పుడు అటు వెళ్తున్నాయి. ఆయన కుక్కరు పెట్టి, అలవాటుగా తెరిచి చూసేవాడు. నీళ్ల ఆఫీసు సర్క్యులర్ తప్ప ఏమీ ఉండేది కాదు. తిట్టేవాళ్లు కూడా లేరు. ఏళ్ల తరబడి కోరుకున్న విశ్రాంతి ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్లకి పిచ్చుక వాళ్లు కొత్త వెర్షన్ పంపారు. ఆ సంగతి ఆయనకీ అందరిలాగే, వేసుకోమంటారా అని తెరమీద అడిగినప్పుడే తెలిసింది. వేసుకున్నాడు. వెతుకులాట చురుగ్గా పరిగెత్తింది. ఎంత వెతికినా ఒక మెనూ మాత్రం కనపడలేదు. ఎవరినీ అడగకుండా ఊరుకున్నాడు.

ఒక సాయంత్రం ఏమీ తోచక అక్కకి ఫోను చేశాడు.

"ఏంట్రా ఈ వేళప్పుడు? కన్ను బాగుందా?"

"బాగుంది. ఊరికే చేశాను."

"ఊరికే చేసేవాడివా నువ్వు? ఏమైందో చెప్పు."

"ఏం కాలేదక్కా. నిజంగా ఊరికే."

అవతల షాపులో ఎవరో గిరాకీ జాకెట్టు చేతుల పొడుగు గురించి ఏదో అడుగుతున్నారు. "సరే, నాకు పనుంది, ఫోను ఆపకుండా పక్కన పెడతాను. నువ్వు ఉండు" అంది అక్క.

మిషను తొక్కుతున్న చప్పుడు వినిపించింది, మధ్యలో ఆగుతూ, మళ్లీ సాగుతూ. గిరాకీ అడిగితే, "మా తమ్ముడు" అని చెప్పడం వినిపించింది. ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చీకటి పడుతోంది. లేచి లైటు వేయలేదు, ఫోనూ పెట్టేయలేదు.

పిచ్చుక వాళ్లు చూస్తామన్న ఏడాది ఇంకా పూర్తి కాలేదు. ఆ తర్వాత సంచి సంగతి ఏమిటో పిచ్చుక చెప్పలేదు, ఆయన అడగలేదు.